అద్దాల మేడ, ఆర్కిడ్ కాపురం

నగరవాసి ప్రకృతిప్రేమను కొలవడానికి ఈ కాలంలో రెండు కొలమానాలు స్థిరపడ్డాయి. విమానమెక్కి, టికెట్ కొని, గాజు కప్పు కింద చలువగాలిలో అడవిని చూసి రావడం మొదటిది కాగా, తిరిగి వచ్చిన పిమ్మట హాల్లో టీవీ పక్కన ఒక ఆర్కిడ్ కుండీని ప్రతిష్ఠించి, దాని ఫొటోను బంధువర్గమంతటికీ పంపడం రెండవది. ఈ రెండు విధులనూ లోపం లేకుండా నిర్వర్తించిన గృహస్థు మొక్కలంటే ప్రాణమిచ్చే మనిషిగా పేరు తెచ్చుకుంటాడు. అదే ఇంటి మెట్ల పక్కన, బియ్యం కడిగిన నీళ్లు తాగి ఏళ్ల తరబడి పూస్తున్న నందివర్ధనం మాత్రం ఆ పేరు రావడంలో ఎటువంటి పాత్రా వహించదు. నందివర్ధనాన్ని చూడటానికి టికెట్ లేదు, దాన్ని వెండి రంగు కాగితంలో చుట్టి గృహప్రవేశానికి తెచ్చిచ్చినవారు లేరు, పైగా అది మే నెల ఎండకు కూడా చావదు గనుక దాని మీద జాలి చూపి గొప్పవాళ్లయ్యే అవకాశమూ లేదు.

ఆర్కిడ్లు పుష్పించే మొక్కల్లోని అతి పెద్ద కుటుంబాలలో ఒకటి. శాస్త్రజ్ఞులు గుర్తించిన జాతులు సుమారు 28,000 ఉండగా, భారతదేశంలో 1,256 జాతులున్నట్టు భారత వృక్ష సర్వేక్షణ సంస్థ 2019లో లెక్క తేల్చింది. ఉష్ణమండలపు ఆర్కిడ్లలో అధికభాగం అధిపాదపాలు, అంటే మట్టిలో కాక పెద్ద చెట్ల కొమ్మల మీద బెరడును కరుచుకుని బతికే మొక్కలు. ఇవి ఆ చెట్టు రసాన్ని తాగవు, కొమ్మను కూర్చోవడానికి మాత్రమే వాడుకుంటాయి, వానలోను మంచులోను దొరికిన తడినీ, బెరడు పగుళ్లలో కుళ్లిన ఆకుల సారాన్నీ వేళ్లతో పీల్చుకుని కాలక్షేపం చేస్తాయి. వెనిల్లా కూడా ఆర్కిడ్ తీగ కాయేనన్న సంగతి ఇక్కడ చెప్పుకోదగినది; తెలుగువారి నాలుకకు బాగా పరిచయమైన ఆర్కిడ్ అదొక్కటే, కాని అంగట్లో దొరికే ఐస్‌క్రీములు చాలావాటిలో ఆ వాసన తీగ నుంచి కాక రసాయన కర్మాగారం నుంచి వస్తున్నందున ఆ పరిచయమూ పరోక్షమైనదే.

ఇన్ని వేల జాతుల నుంచి అంగడి ఏరి తీసి నగరవాసి చేతిలో పెట్టినది ప్రధానంగా ఒక్కటి, ఫెలనాప్సిస్. వంచిన కాడకు వరసగా ప్లాస్టిక్ క్లిప్పులతో కట్టిన తెల్లని, ఊదారంగు పెద్ద పూలతో, హోటల్ రిసెప్షన్లలోను దంతవైద్యుల నిరీక్షణ గదులలోను కనిపించే మొక్క ఇదే. ఈ పువ్వులో తేనె ఉండదు. ఉన్నట్టు నటించి తుమ్మెదను రప్పించి, దాని ఒంటికి పుప్పొడి ముద్దలు అంటించి ఉత్త కడుపుతో పంపివేయడం దాని జీవనవిధానం. ఇటువంటి మోసపు పూల దగ్గర కొన్నిసార్లు భంగపడిన కీటకం మళ్లీ అటు పోకుండా తెలివి తెచ్చుకుంటుందని పరిశోధకులు గమనించారు. కొనుగోలుదారు విషయంలో అటువంటి పరిశోధనకు ఇంకా ఎవరూ పూనుకోలేదు.

గాజు కప్పు కింద అడవిని చూసే ఆచారానికి మూలపురుషులు పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు ప్రభువులు. వారి దేశంలో ఏడాదిలో అధికభాగం చలి, మబ్బు. వారి సామ్రాజ్యంలో మాత్రం ఎక్కడ చూసినా ఎండ, వాన, పచ్చదనం. ఈ అన్యాయాన్ని సరిదిద్దుకోవడానికి వారు పెంచి పోషించిన సాధనమే గ్లాస్‌హౌస్, అంటే ఇనుప కమ్ముల మధ్య గాజు పలకలు బిగించి, సూర్యకాంతిని లోపలికి రానిస్తూ వేడెక్కిన గాలిని బయటకు పోనివ్వకుండా పట్టి ఉంచే భవనం. ఆరవ డ్యూక్ ఆఫ్ డెవన్‌షైర్ కోసం చాట్స్‌వర్త్ ఎస్టేటులో ఆయన ప్రధాన తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ 1836లో మొదలుపెట్టి 1840 నాటికి ముగించిన గాజు మేడ, లండన్ పక్కన క్యూ తోటలో డెసిమస్ బర్టన్, రిచర్డ్ టర్నర్‌లు 1844-48 మధ్య కట్టిన పామ్ హౌస్ ఈ కోవలో ప్రసిద్ధికెక్కినవి. పేరు గాజుకు వచ్చింది గాని ప్రాణం బొగ్గులో ఉండేది. క్యూలో నేల కింద బాయిలర్లు మండుతుంటే, ఆ పొగ సందర్శకుల కంట పడి ఉష్ణమండల భ్రాంతిని చెడగొట్టకుండా, సొరంగం గుండా దూరాన ఉన్న అలంకార శిఖరంలోకి పంపి అక్కడి నుంచి వదిలే ఏర్పాటు చేశారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బొగ్గు కరువై చాట్స్‌వర్త్ మేడలోని మొక్కలు చలికి చచ్చిపోగా, 1920లో ఆ మేడనే కూల్చివేశారు. డ్యూక్‌గారి అతిథులు అన్నేళ్లు అడవి అనుకుని తిరిగినది బాయిలర్ గది పై అంతస్తులోనన్న మాట.

ఆర్కిడ్లకు ఈ మేడలు చేసిన ఉపకారం ఇంకా ఘనమైనది. తొలినాటి పెంపకందారులు ఆర్కిడ్లన్నీ ఆవిరులు కక్కే అడవుల్లోనే పుడతాయని నమ్మి, చల్లని కొండల మీద గాలి తగిలే కొమ్మలపై పెరిగినవాటిని సైతం తెచ్చి, గాలి ఆడని వేడి గదుల్లో ఉడికించి చంపారు. చచ్చినవాటి స్థానంలో మరికొన్ని తెప్పించారు. డ్యూక్ పంపిన జాన్ గిబ్సన్ 1835లో బయలుదేరి ఖాసీ కొండలు గాలించి 1837లో వందకు పైగా ఆర్కిడ్ జాతులతో తిరిగి వెళ్లాడు. వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ 1850లో అవే కొండల్లో నీలి వాండా అనే ఆర్కిడ్‌ను ఏడుగురు కూలీలు మోసేంత సేకరించి క్యూ తోటకు పంపగా, ప్రాణాలతో చేరినవి కొద్ది మాత్రమేనని ఆయనే రాసుకున్నాడు. ఆ చోటు చూపించమని తన తోటమాలిని ఆయన వెంట పంపిన మరొక పెద్దమనిషి మాత్రం ఒక్క కూలీ మోతను ఇంగ్లండుకు చేర్చి మూడువందల పౌండ్లకు అమ్ముకోగలిగాడు. శాస్త్రానికి ఏడు మోతలు, వ్యాపారానికి ఒక మోత అన్న ఈ నిష్పత్తిలో లాభం ఎటు పోయిందో గమనించిన వారు తరవాతి అర్ధశతాబ్దమంతా వేటగాళ్లను కొండల మీదికి తోలారు. ఆ నీలి వాండా నేడు భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలో రక్షణ పొందవలసిన స్థితికి చేరిందంటే, దాన్ని అంతగా ప్రేమించినవారి శ్రద్ధే కారణం.

ఇంగ్లండు చలిని ఓడించడానికి పుట్టిన ఈ గాజు మేడ, భూమధ్యరేఖకు ఉత్తరాన ఒకటిన్నర డిగ్రీల దూరం కూడా లేని సింగపూర్‌లో, అక్కడి వెచ్చదనాన్ని ఓడించడానికి పునర్జన్మ ఎత్తింది. 2012లో ప్రారంభమైన గార్డెన్స్ బై ద బే అనే ఉద్యానంలో రెండు గాజు గుమ్మటాలున్నాయి. 1.2 హెక్టార్ల ఫ్లవర్ డోమ్‌లో మధ్యధరా ప్రాంతపు చల్లని పొడి వాతావరణాన్ని, 0.8 హెక్టార్ల క్లౌడ్ ఫారెస్ట్‌లో ఉష్ణమండల పర్వతాలపైని మంచు వాతావరణాన్ని యంత్రాలతో తయారుచేసి, ఉష్ణోగ్రతను 23 నుంచి 25 డిగ్రీల మధ్య నిలబెడతారు. రెండవదానిలో 35 మీటర్ల కృత్రిమ పర్వతమూ, దాని మీది నుంచి దూకే జలపాతమూ, పర్వతం ఒళ్లంతా ఆర్కిడ్లూ ఫెర్న్‌లూ ఉంటాయి. నగరంలోని చెట్లను కత్తిరించగా పోగుపడిన కొమ్మలూ రెమ్మలూ బాయిలర్‌లో కాల్చి, ఆ ఆవిరితో విద్యుత్తును, ఆ వేడితో చల్లదనాన్ని పుట్టించి, చల్లటి నీటిని నేల గచ్చులో అమర్చిన గొట్టాల గుండా తిప్పుతారు. బయటి చెట్ల కట్టెలు కాల్చి లోపలి చెట్లకు చలి పుట్టించే ఈ పద్ధతి ఇంజనీరింగ్ దృష్టితో నిజంగా మెచ్చుకోదగినది. వ్యర్థాన్ని వాడుకున్నవారిని తప్పుపట్టడం అన్యాయం కూడా. తప్పుపట్టవలసింది, రెయిన్‌కోటు వేసుకున్న ద్వీపంలో గాజు కింద నిలబడి కృత్రిమ మంచు తుంపరలకు పరవశించి, అడవి అంటే ఇట్లా ఉండాలని తీర్పు చెప్పే యాత్రికుణ్ణి.

ఈ తీర్పు చెప్పేవారిలో తెలుగువారి వాటా తక్కువేమీ కాదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాల నుంచి సాగే సింగపూర్ ప్యాకేజీ యాత్రల్లో ఈ గుమ్మటాలు సామాన్యంగా ఒక మజిలీ. అరకు దారిలోను, మారేడుమిల్లి ఘాట్ రోడ్డులోను కారు దిగితే జలగలు పడతాయని అద్దాలు దించని కుటుంబం, గుమ్మటంలోని పర్వతాన్ని లిఫ్టులో ఎక్కి, నడకదారి మీదుగా దిగుతూ, ఇంత శుభ్రమైన అడవి స్వదేశంలో ఎందుకు లేదని వ్యవస్థను నిందిస్తుంది. చినుకు సమయం ప్రకారం రాలే అడవి, దోమ లేని అడవి, బయటకు పోయే దారికి బాణం గుర్తున్న అడవి ఆ కుటుంబానికి బాగా నచ్చుతుంది. నిష్క్రమణ ద్వారం దగ్గర దుకాణం కూడా ఉండటం చేత ఆ అడవికి ఏ లోటూ కనిపించదు. అదే సింగపూర్‌లో 1859లో నెలకొల్పిన పాత ఉద్యానంలో, 1995లో తెరిచిన జాతీయ ఆర్కిడ్ తోట ఉంది. అక్కడ ఆర్కిడ్లు అత్యధికం గాజు అవసరమే లేకుండా, ఎండకు ఎండి వానకు తడిసి ఆరుబయటే పూస్తుంటాయి. సింగపూర్ జాతీయ పుష్పంగా 1981లో ప్రకటించిన వాండా మిస్ జోకిమ్ కూడా మండే ఎండలో కర్రకు పాకి పెరిగేదే. విదేశీ ప్రముఖులు వచ్చినప్పుడు కొత్త సంకరజాతి ఆర్కిడ్‌కు వారి పేరు పెట్టే మర్యాద కూడా ఆ దేశంలో 1950ల నుంచి ఉంది. మార్గరెట్ థాచర్ పేరిట ఒక డెండ్రోబియం అట్లా వెలిసిందే. తన పేరు మోస్తున్న మొక్క ఎండిందా, చిగిర్చిందా అని తరవాత కబురు కనుక్కున్న నాయకులు ఎందరన్నది దౌత్యశాస్త్రం తేల్చవలసిన విషయం.

గాజు మేడల వంశంలో తన పరిమితి తెలుసుకున్నది బహుశా బెంగళూరు లాల్‌బాగ్ గ్లాస్‌హౌస్ ఒక్కటే. లండన్ క్రిస్టల్ ప్యాలెస్ నమూనాలో 1889లో దానికి పునాదిరాయి పడింది గాని, బెంగళూరు వాతావరణంలో ఏ మొక్కా గాజు కోసం దేవులాడదు గనుక, అది గణతంత్ర, స్వాతంత్ర్య దినోత్సవాలకు జరిగే పుష్ప ప్రదర్శనల మండపంగా స్థిరపడి గౌరవంగా బతుకుతోంది.

యాత్ర ముగించుకుని వచ్చిన గృహస్థు ఇంట్లో గాజు మేడ చిన్న నమూనా ముందే సిద్ధంగా ఉంటుంది: కిటికీలు మూసి, పరదాలు దించి, ఏసీ వేసిన హాలు. ఆ హాల్లోకి అడుగుపెట్టిన ఫెలనాప్సిస్ పుట్టింటి అలవాట్లు వేరు. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ అడవుల్లో దాని పూర్వులు కొమ్మకు పక్కవాటుగా అంటుకుని, ఆకులు కిందికి వాలేట్టు పెరుగుతాయి. అందువల్ల ఎంత వాన కురిసినా నీరు ఆకుల మధ్య నిలవకుండా జారిపోతుంది. కుండీలో దాన్ని సైనికుడి మాదిరి నిటారుగా నిలబెట్టడం వల్ల పైనుంచి పోసిన నీరు మొవ్వులో, అంటే కొత్త ఆకు పుట్టే నడినెత్తిన, చేరి కూర్చుంటుంది. కొబ్బరి రైతులకు బాగా తెలిసిన మొవ్వుకుళ్లు వంటిదే ఇక్కడా మొదలవుతుంది. వేళ్ల సంగతి మరీ సున్నితమైనది. ఆర్కిడ్ వేరు చుట్టూ వెలామెన్ అనే తెల్లని తొడుగు ఉంటుంది. చచ్చిన కణాలతో ఏర్పడిన ఈ పొర తడి తగలగానే పీల్చుకుని ఆకుపచ్చగా మారుతుంది, ఆరగానే వెండి రంగుకు తిరుగుతుంది, తడికీ తడికీ మధ్య గాలి తగలడం దానికి తిండితో సమానం. అంగడిలో మాత్రం ఆ వేళ్లను నాచు కూరిన ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, ఆ డబ్బాను అడుగున చిల్లు లేని పింగాణీ కుండీలో దింపి అమ్ముతారు. చిల్లు ఉంటే టేబుల్ పాడవుతుంది, చిల్లు లేకపోతే మొక్క పాడవుతుంది, ఈ రెండింటిలో టేబుల్ ఖరీదు ఎక్కువ.

ఆ తరవాతి కథ అన్ని ఇళ్లలోను ఒకే క్రమంలో నడుస్తుంది. ప్రేమ కొద్దీ రోజూ పోసిన నీరు కుండీ అడుగున నిలిచి, గాలి ఆడక వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు గనుక నీటి మధ్యలో ఉన్న మొక్క ఆకులు దాహంతో ముడతలు పడతాయి. ముడతలు చూసిన గృహిణి మొక్కకు నీరు చాలలేదని జాలిపడి మరో చెంబు పోస్తుంది. పైన ఏసీ గాలిలోని తేమను తోడేస్తూ ఆకులను ఎండబెడుతుంది, కింద నీరు వేళ్లను కుళ్లబెడుతుంది, మధ్యలో పూలు మాత్రం చివరి నిమిషం దాకా చెక్కుచెదరకుండా రెండు మూడు నెలలు నవ్వుతూనే ఉంటాయి. ఈ నవ్వే ఫెలనాప్సిస్ వ్యాపార విజయానికి మూలం: చావు లోపల జరుగుతుంటే సంబరం బయట కనబడే మొక్క మరొకటి లేదు. పూలు రాలిన నాడు కుండీ బాల్కనీకి చేరుతుంది, అక్కడి నుంచి చెత్త బండికి, పింగాణీ పాత్ర మాత్రం పెన్నులు పెట్టుకోవడానికి మిగులుతుంది. ఇంత జరిగినా ఈ మొక్కను అమ్మేవారు వాడే మాట "శ్రమ లేని మొక్క" అన్నది కావడం గమనార్హం. అమ్మేవారికి దానితో నిజంగానే శ్రమ లేదు.

శ్రమ లేదన్న మాటకు శాస్త్రగ్రంథం వంటిది మంచుముక్కల సిద్ధాంతం. వారానికి మూడు ఐసు ముక్కలు కుండీలో వేస్తే ఆర్కిడ్ పోషణ పూర్తయినట్టేనని అమెరికాలో పుట్టిన ఈ సూత్రం, వీడియోల ద్వారా తెలుగు వంటింటి ఫ్రిజ్ దాకా వచ్చింది. దీన్ని ఎగతాళి చేయదలచినవారికి ఒక ఇబ్బంది ఉంది: 2017లో వెలువడిన అమెరికా విశ్వవిద్యాలయాల పరీక్షా ఫలితం ప్రకారం, బెరడు ముక్కల్లో పెంచిన ఫెలనాప్సిస్‌కు ఐసు వల్ల హాని కలగలేదు, మామూలు నీరు పోసినవాటితో సమానంగానే పూలు నిలిచాయి. కాబట్టి సిద్ధాంతం తప్పు కాదు. దాని అసలు రహస్యం చల్లదనంలో కాక, మనిషి చేతి నుంచి చెంబు లాక్కోవడంలో ఉంది. కాని తెలుగు గృహస్థు శాస్త్రాన్ని స్వీకరించే పద్ధతి వేరు గనుక, ఆయన ఉదయం చెంబెడు నీరు యథాప్రకారం పోసి, ఆదివారం నాడు పైనుంచి మూడు ఐసు ముక్కలు కూడా అదనంగా సమర్పిస్తాడు.

ఇక ఆర్కిడ్ గదిలో గాలిని శుద్ధి చేస్తుందన్న ప్రచారం మరింత ఆరోగ్యంగా వర్ధిల్లుతోంది. దీని మూలం అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పేరిట 1989లో వెలువడిన నివేదిక. బిల్ వుల్వర్టన్ బృందం గాలి చొరబడని చిన్న పెట్టెల్లో మొక్కలు పెట్టి, బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటి ఆవిర్లు వదిలి, అవి కొంతకాలానికి తగ్గడం గమనించింది. అంతరిక్ష నౌక వంటి మూతపడ్డ డబ్బాల కోసం చేసిన ఆ పరీక్షను, తలుపు తీసిన ప్రతిసారీ గాలి మారే ఇంటికి అన్వయించవచ్చా అని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో పాత అధ్యయనాలన్నీ తిరగేసి లెక్కకట్టారు. భవనంలోకి మామూలుగా వచ్చిపోయే గాలి చేసే పనిని మొక్కలతో చేయించాలంటే చదరపు మీటరు నేలకు పది నుంచి వెయ్యి మొక్కల దాకా పెట్టవలసి వస్తుందని వారి లెక్క తేలింది. ఈ లెక్కన సామాన్యమైన మూడు గదుల ఫ్లాటులో గాలి శుద్ధి కావాలంటే, కనీస పక్షాన కూడా సోఫాలు, మంచాలు, అత్తమామలు బయటకు నడవాలి. కిటికీ తెరవడం అనే మరో పద్ధతి ఉంది గాని దానికి జీఎస్టీ బిల్లు రాదు, గిఫ్టు కార్డు జతపరిచే వీలూ లేదు, అందుచేత ప్రచారంలోకి రాలేదు.

పగటి శుద్ధితో తృప్తి పడనివారి కోసం రాత్రి ఆక్సిజన్ వాదం ఒకటి తయారైంది. ఫెలనాప్సిస్ వంటి కొన్ని మొక్కలు నీటి పొదుపు కోసం పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి బొగ్గుపులుసు వాయువును లోపలికి తీసుకుని ఆమ్లంగా నిలవచేసుకుంటాయి. మరునాటి వెలుతురులో దాన్నే చక్కెరగా మారుస్తాయి. శాస్త్రంలో క్యామ్ పద్ధతిగా చెప్పే ఈ ఏర్పాటులో ఆక్సిజన్ తయారయ్యేది నీటి అణువు వెలుతురు బలంతో విడిపోయినప్పుడే గనుక, చీకటి పడ్డాక అది పుట్టే ప్రశ్నే లేదు. ఆకు రంధ్రాలు రాత్రి తెరుచుకుంటాయన్న సగం నిజాన్ని పట్టుకుని, మంచం పక్కన ఆర్కిడ్ పెట్టుకుంటే ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకున్నట్టేనని మిగిలిన సగాన్ని ఊహించి అమ్ముతున్నారు. దీనికి ఉత్తర దిక్కున పెడితే ధనయోగమన్న వాస్తు జోడిస్తే శాస్త్రం సంపూర్ణమవుతుంది; మొక్క చచ్చినప్పుడు దోషం దిక్కుదా, గృహస్థుదా అన్న చర్చకు మాత్రం వాస్తు పండితులు విడిగా రుసుము తీసుకుంటారు.

ఈ పూజలు ఇట్లా సాగుతుండగా, తెలుగు నేల సొంత ఆర్కిడ్ల గతి చూడదగినది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉండి, చుట్టుపట్ల మొక్కలను స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించి, 1795లో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం మొదటి సంపుటంలో ప్రచురించాడు. నేడు వాండా టెస్సెల్లేటా అని పిలిచే ఆర్కిడ్ శాస్త్రలోకానికి పరిచయమైనది ఆ సంపుటంలోనే. ఎకాంపి ప్రెమోర్సా అనే మరొక ఆర్కిడ్ కూడా ఆయన వర్ణించినదే. వాండాకు పసుపు కలిసిన గోధుమరంగు రేకుల మీద గళ్ల నేత, మధ్యలో ఊదారంగు పెదవి, దగ్గరికి పోతే సువాసన. వేసవి నుంచి వానల దాకా మామిడి వంటి పాత చెట్ల కొమ్మల మీద నీరు పోసే నాథుడు లేకుండా పూసే ఈ వాండా సింగపూర్ గుమ్మటంలో కనబడి ఉంటే, దాని ముందు సెల్ఫీల కోసం వరస కట్టేవారు. సామర్లకోట పరిసరాల్లో అది చేసిన నేరమల్లా టికెట్ లేకుండా కనబడటమే. చెట్టు మీద చెట్టుగా పెరిగేదేదైనా పల్లెల్లో బదనిక ఖాతాలోనే పడుతుంది గనుక, కొమ్మ రసం నిజంగా పీల్చే బదనికను తోట యజమాని నరికించినప్పుడు, రసం ముట్టని ఈ వాండా కూడా ఆ కత్తికే పోతుంది. అదే తోట అమ్మి నగరంలో ఫ్లాటు కొన్న కుమారుడు గృహప్రవేశం నాడు అందుకునే తొలి బహుమతి తైవాన్ మొలకల నుంచి పెరిగిన ఫెలనాప్సిస్ కుండీ.

అడవి నుంచి వాండాలను పీకి తెచ్చి ఇళ్లలో కట్టుకోమని ఈ వాదానికి అర్థం కాదు. రిజర్వు అడవిలో మొక్క పీకడం చట్టవిరుద్ధం, ఆర్కిడ్ల అంతర్జాతీయ వ్యాపారం, అంతరించే జాతుల అమ్మకాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు అదుపులో ఉంది. పెంచాలన్న కోరిక నిజమైనదైతే గోదావరి జిల్లాల తేమగాలిలో, బొగ్గు ముక్కలో కొబ్బరి డొక్కలో నింపిన బుట్టల్లో, వలనీడ కింద డెండ్రోబియాలనూ వాండా సంకరాలనూ ఆరుబయటే పూయించవచ్చు. కాని ఆరుబయట పెంచేవాడికి తడి చెయ్యి, చీమలు, నత్తలు, పొద్దున్నే లేవడం వంటి అవస్థలుంటాయి. హాల్లో పెంచేవాడికి అతిథులుంటారు. ఈ రెండింటిలో సమాజం దేనిని మొక్కల పెంపకమని గౌరవిస్తుందో విడిగా చెప్పనవసరం లేదు.

అంగడి ఆర్కిడ్ పక్షాన న్యాయమైన వాదన ఒకటి ఉంది, దాన్ని దాచడం ధర్మం కాదు. ఆర్కిడ్ విత్తనం ధూళి అంత చిన్నది, మొలకకు కావలసిన ఆహారం అందులో ఉండదు, ఒక జాతి శిలీంధ్రం వచ్చి తిండి పెడితేనే అది మొలుస్తుందని 1899లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నోయెల్ బెర్నార్డ్ కనుగొన్నాడు. శిలీంధ్రం బదులు చక్కెర కలిపిన జిగురు మీద సీసాలోనే మొలిపించవచ్చని 1922లో లూయిస్ నడ్సన్ చూపాడు, చిగురు మొనలోని కణజాలం నుంచి ఒకే పోలిక గల మొక్కలను ఎన్నింటినైనా తీయవచ్చని 1960లో జార్జ్ మోరెల్ నిరూపించాడు. ఒకప్పుడు ప్రభువులకు మాత్రమే దొరికిన పువ్వు నేడు గుమాస్తాకు అందుతున్నదంటే, ఖాసీ కొండలు మరోసారి దోపిడీ కాకుండా ఉన్నాయంటే, ఆ సీసాల పుణ్యమే. అయితే సీసాలో పుట్టి, పాలీహౌస్‌లో పెరిగి, అట్టపెట్టెలో విమానమెక్కి వచ్చిన మొక్క ఫ్యాక్టరీ వస్తువుగా ఎంత మంచిదైనా, దాన్ని కొన్నందువల్ల అడవి ఇంటికి వచ్చిందని చెప్పుకోవడం, నెయ్యి ప్యాకెట్టు కొని గోసేవ చేశామనడం వంటిది.

పైగా ఆ ఫ్యాక్టరీ పద్ధతి ఇంట్లో లేకపోవడం మొక్కను తేలిగ్గా రెండోసారి పూయనివ్వదు. గాలి 28 డిగ్రీలు దాటి ఉన్నంతకాలం ఫెలనాప్సిస్ పూలకాడ వేయదు. పెంపకందారులు దాన్ని కొన్ని వారాలపాటు 26 డిగ్రీల లోపు చల్లదనంలో ఉంచి, కాడ తన్నించి అంగడికి పంపుతారు. హైదరాబాదు గృహస్థుకు ఆ చల్లదనం డిసెంబరు, జనవరి రాత్రుల్లో బాల్కనీలో ఉచితంగా దొరుకుతుంది గాని, మొక్కకు జలుబు చేస్తుందన్న భయంతో ఆ నెలల్లోనే ఆయన దాన్ని లోపలికి తెచ్చి తలుపు వేస్తాడు. అయినా ఈ అడ్డంకులన్నీ దాటి, చిల్లు ఉన్న కుండీకి మార్చి, నీటిని అదుపులో పెట్టి, చలి తగలనిచ్చి, ఆ మొక్కను మరుసటేడు పూయించగలిగిన ఓపికమంతులు అక్కడక్కడ ఉన్నారు. వీరిలో మరీ దురదృష్టవంతులు నీలి ఫెలనాప్సిస్ కొన్నవారు. ఆ ముదురు నీలం పుట్టుకతో వచ్చినది కాదు. తెల్ల పూల మొక్క కాడలోకి రంగు నీటిని ఎక్కించి తెప్పించినది, అది ఆ విడత పూలతోనే సరి. ఏడాది తపస్సు ఫలించి కొత్త కాడ వచ్చి, మొగ్గ విచ్చుకోగానే పువ్వు తెల్లగా కనబడుతుంది. వృక్షశాస్త్రం ప్రకారం మొక్క ఆరోగ్యంగా ఉందనడానికి ఇంతకన్న రుజువు లేదు. గృహస్థు దృష్టిలో మాత్రం అది రంగు వెలిసిన సరుకు. అందుచేత ఆయన పాత బిల్లు వెతికి, కుండీకి సీటు బెల్టు కట్టి దుకాణానికి తీసుకుపోతాడు; కౌంటర్ దగ్గరి కుర్రవాడు ఆ తెల్ల పువ్వు వంక చూడకుండానే, నీలం వాటి మీద ఈ వారం ఇరవై శాతం తగ్గింపు నడుస్తోందని చెబుతాడు.